బట్టల సున్నం, బాలింతల ప్రాణం

మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో తెల్లటి క్లోరిన్ గుళికలు వేస్తుంటే మా అమ్మాయి "ఛీ, వాసన!" అని ముక్కు మూసుకుంది. ఆ గుళికలు బ్లీచింగ్ పౌడర్ వంశమే. పొడి సున్నానికి క్లోరిన్ పట్టించి చేసే ఆ పౌడరుకు స్కాట్లాండ్‌లో చార్లెస్ టెనంట్ 1799లో పేటెంట్ తీసుకున్నాడు, బట్టలు తెల్లబరచడానికి.

1847లో వియన్నా ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో పోతున్నారు. శవాలను కోసిన చేతులతోనే వైద్యులు పురుళ్లు పోస్తున్నారని డాక్టర్ సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. శవాల వాసన వదిలిస్తుందని క్లోరిన్ సున్నపు నీళ్లతో వాళ్ల చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతే, జూన్‌లో ఇద్దరే!

ఒకరి నుంచి ఇంకొకరికి జబ్బు అంటకుండా ఆపడమే పూల్‌లోనూ దాని పని. ఇప్పుడా వాసన వస్తే నాకు ఆ తల్లులే గుర్తొస్తారు.