పూటకూళ్ళ ఇంటి నుండి ఇంటి నాన్ దాకా: ‘రెస్టారెంటు రుచి’ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఇంటివంటలో రెస్టారెంటు రుచిని సాధించాలన్న కోరిక నేడు తెలుగు పట్టణాలలో సర్వసాధారణం. ఓరుగల్లు ఆహార చరిత్రలో ఇది ఒక దిశామార్పు. ఒకప్పుడు పూటకూళ్ళ ఇల్లు ఇంటి విందును ప్రమాణంగా తీసుకుంది. నేడు ఇల్లు రెస్టారెంటును ప్రమాణంగా తీసుకుంటున్నది. ఈ మార్పుకు కారణమైన పొయ్యి, పరికరం, శ్రమ అనే మూడు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఓరుగల్లు, సుబేదారి, పూటకూళ్ళ ఇల్లు, తందూరు, నాన్, కర్రీ పాయింట్.

1. ప్రవేశిక:
హనుమకొండలోని సుబేదారి పేరులోనే నిజాం పాలన జాడ ఉంది. సుబా అధికారి సుబేదారు. 1905 నాటి పునర్వ్యవస్థీకరణ తరువాత వరంగల్ సుబాలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఉండేవి. పాలనా కేంద్రంగా ఏర్పడిన ఈ ప్రాంతం తరువాత విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలకు నెలవై విద్యాకేంద్రంగానూ పేరొందింది. ఉద్యోగులు, విద్యార్థులు వచ్చిపోయే చోట బయటి భోజనం అవసరమవుతుంది. కనుక ఇంటి తిండికీ బయటి తిండికీ గల సంబంధాన్ని పరిశీలించడానికి సుబేదారి తగిన స్థలం.

2. పూటకూళ్ళ ఇల్లు – ఇంటి విందే ప్రమాణం:
ఓరుగల్లు బయటి భోజనానికి ప్రసిద్ధమైన సాహిత్య సాక్ష్యం ‘క్రీడాభిరామము’. దీని కర్తృత్వంపై వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న చర్చ పండితులలో ఉన్నది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన విశేషాలలో పూటకూళ్ళ ఇల్లు ఒకటి. అక్కడ ఒక రూకకు లభించే భోజనంలో మేలైన బియ్యపు అన్నం, గోధుమపిండివంట, పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఈ కావ్యాన్ని సామాజిక చరిత్రకు ఆధారంగా విస్తృతంగా వాడుకున్నది.

ఈ జాబితాలో ఇంట వండలేని పదార్థం ఒక్కటీ లేదు. గోధుమ సైతం ఇక్కడ పిండివంటగానే కనబడుతుంది. పండుగనాడు కలిగిన ఇంట జరిగే విందును ఏ రోజైనా డబ్బిచ్చి తినగలగడమే పూటకూటి గొప్పతనం. అనగా బయటి వంటకు కొలమానం ఇల్లే.

3. నాన్ – ఇంటి పొయ్యి ఎరుగని రొట్టె:
పారశీకంలో ‘నాన్’ అంటే రొట్టె అని మాత్రమే అర్థం. తెలుగు వాడుకలో అది ఒక ప్రత్యేకమైన రొట్టెకు పేరయింది. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ‘ఐనీ అక్బరీ’ రొట్టెలను రెండు విధాలుగా చెబుతుంది: పొయ్యిగూటిలో కాల్చే పెద్ద రొట్టె, ఇనుపపెనం మీద కాల్చే పలుచని రొట్టె. మొదటిదానికి 10 సేర్ల పిండి, 5 సేర్ల పాలు, ఒకటిన్నర సేరు నెయ్యి, పావుసేరు ఉప్పు చెప్పింది. ఈ కొలతలు ఒక కుటుంబానికి సరిపోయేవి కావు. రాజు వంటశాలకు తగినవి.

ఆసఫ్‌జాహీల హైదరాబాదులోనూ నాన్ కొని తెచ్చుకునే పదార్థమే. పురానీ హవేలీ వద్ద నాలుగు కోణాల నాన్‌కు పేరుగన్న మున్షీ నాన్ దుకాణం 1851లో ఆరంభమైనట్లు ప్రసిద్ధి. భట్టీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఒకసారి వేడెక్కితే వందల రొట్టెలు కాల్చవచ్చు. నాలుగు రొట్టెల కోసం ఏ గృహమూ దానిని రాజేయదు. కనుక తెలంగాణలో నాన్‌కు గృహ సంప్రదాయం ఏర్పడకపోవడానికి రుచిభేదంకన్నా ఇంధనపు లెక్కే బలమైన కారణం. జొన్నరొట్టె, సర్వపిండి ఇంటివంటలుగా నిలవడమూ ఇదే లెక్క ప్రకారం జరిగింది. ఒకదానికి పెనం, మరొకదానికి గిన్నె చాలు.

4. రెస్టారెంటు కూర – శ్రమవిభజన ఇచ్చిన రుచి:
నేటి రెస్టారెంట్లలో నాన్‌కు తోడుగా వచ్చే వెన్నకూరల చరిత్ర మరింత ఇటీవలిది. దేశ విభజన తరువాత పెషావరు నుండి వచ్చినవారు ఢిల్లీ దరియాగంజ్‌లో నెలకొల్పిన మోతీ మహల్‌తో తందూరీ కోడి, బటర్ చికెన్ ప్రసిద్ధి పొందాయి. బటర్ చికెన్‌ను మొదట చేసినది ఎవరన్న వివాదం 2024లో ఢిల్లీ హైకోర్టుకు చేరింది. తరతరాల ఇంటివంటకు ఇటువంటి వ్యాజ్యం ఊహించలేము. వ్యాపారస్థలంలో పుట్టిన వంటకానికే యాజమాన్యపు ప్రశ్న తలెత్తుతుంది.

ఈ కూరల నిర్మాణమూ వ్యాపారానికి అనుగుణమైనదే. ఉల్లి, టమాటా, జీడిపప్పులను పెద్దమొత్తంలో ఉడికించి, రుబ్బి, గ్రేవీని ముందే సిద్ధపరుస్తారు. గిరాకీ వచ్చాక పెద్దమంటపై పనీరో, కోడిమాంసమో చేర్చి వెన్న, మీగడ, కసూరీ మేతితో ముగిస్తారు. ఒకే గ్రేవీ నుండి అనేక కూరలు వెలువడతాయి. తరిగేవారు, గ్రేవీ వండేవారు, తందూరు వద్ద నిలిచేవారు వేరువేరు. చింతపండు పులుసుకో, నువ్వులు, పల్లీల పొడికో ఏ పూటకాపూట తాళింపు పెట్టే తెలంగాణ ఇంటికూర పద్ధతి వేరు. అందువల్ల ‘రెస్టారెంటు రుచి’ అన్నది కేవలం మసాలాల కూర్పు కాదు. పలువురి చేతుల పని.

5. గ్యాస్ పొయ్యి – తిరగబడిన పెనం:
ఇంట నాన్ చేయడానికి నేడు వ్యాప్తిలో ఉన్న ఉపాయం చిత్రమైనది. మైదాలో పెరుగు, వంటసోడా లేదా ఈస్ట్ కలిపి నాననిచ్చి, ఒత్తిన రొట్టెకు ఒకవైపు నీరు రాసి, ఆ తడివైపు వేడి ఇనుపపెనానికి అంటిస్తారు. తరువాత పెనాన్ని బోర్లించి పైభాగాన్ని నేరుగా మంటకు చూపుతారు. పెనం తందూరు గోడ అవుతుంది. కింది మంట నిప్పుల సెగ అవుతుంది. రొట్టె అంటుకోవలసి ఉన్నందున నాన్‌స్టిక్ పెనం ఇందుకు పనికిరాదు. 400 డిగ్రీలు దాటే తందూరు వేడి ఇంటిపొయ్యిపై రాదు కనుక అంచులు కొంత గట్టిపడతాయి.

కట్టెల పొయ్యిపై పొగ, మసి నడుమ ఈ పని దుస్సాధ్యం. అదుపులో ఉండే మంట దీనికి ముందవసరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆరంభమైన దీపం పథకం పేద కుటుంబాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు అందించింది. నాన్ కోసం ఆ పథకం రాలేదు. అయినా నాన్ ఇంట కాలడానికి కావలసిన మంట మధ్యతరగతి గడప దాటి విస్తరించడంలో దానికి పాత్ర ఉన్నది. జొన్నరొట్టె కాల్చేటప్పుడు పైభాగాన్ని తడిబట్టతో తుడవడం తెలంగాణ ఇళ్ళలో పాత అలవాటు. నీటికీ పెనానికీ గల సంబంధం ఎరిగిన చేతికి కొత్తరొట్టె పూర్తిగా పరాయిది కాదు.

6. కూర, కర్రీ – ఎదురెదురు ప్రయాణాలు:
ఆంగ్లంలోని ‘కర్రీ’కి తమిళ ‘కఱి’ మూలమని సాధారణంగా చెబుతారు. ఆ మాట తిరిగివచ్చి తెలుగు పట్టణాలలో ‘కూర’ పక్కన నిలిచింది. అన్నం ఇంట వండుకొని బెండకాయ, దొండకాయ వంటి కూరలను పొట్లాలుగా కొనుక్కునే చోటు కర్రీ పాయింట్. అక్కడ అమ్ముడయ్యేది ఇంటికూరే. పేరు మాత్రం కర్రీ. పూటకూళ్ళ ఇంటికి నిజమైన వారసత్వం నాన్ వడ్డించే రెస్టారెంటుకన్నా ఈ చిన్న దుకాణానికే చెందుతుంది.

దినదిన భోజనం బజారు నుండి ఇంటికి, బజారు భోజనం ఇంటి పొయ్యి మీదికి ప్రయాణిస్తున్నాయి. మొదటిది ఇంటి శ్రమను తగ్గిస్తే, రెండవది పెంచుతుంది. నలుగురు పంచుకునే పనిని ఇంట సాధారణంగా ఒక్క స్త్రీయే చేయవలసి వస్తుంది. ‘అచ్చం హోటల్లో లాగే ఉంది’ అన్న మెప్పు ఆ శ్రమకు గుర్తింపే. కానీ ఆ గుర్తింపులో కొలమానం ఆమె వంటగది వెలుపల ఉంటుంది.

7. ఉపసంహారం:
క్రీడాభిరామం నాటి ఓరుగల్లులో ఇల్లు కొలమానం, బజారు అనుకరణ. నేటి సుబేదారిలో రెండూ పరస్పరం అనుకరించుకుంటున్నాయి. ఈ మార్పును రుచుల మార్పుగా మాత్రమే చదివితే ఇంధనం, పరికరం, స్త్రీశ్రమ మరుగున పడతాయి. పూటకూటి మెనూను కావ్యం భద్రపరచింది; దానిని వండిన చేతుల గురించి చెప్పలేదు. నేటి ఇంటివంటకు అదే గతి పట్టకూడదంటే ఏ ఇంటికి గ్యాస్ ఎప్పుడు వచ్చింది, జొన్నరొట్టె ఏ తరంలో తగ్గింది, కొత్తవంట ఎవరివద్ద నేర్చారు అన్న విషయాలను మౌఖిక చరిత్రగా సేకరించాలి. కళాశాల స్థాయి క్షేత్రపర్యటనలకు ఇది అందుబాటులో ఉన్న పని. ఆ తరం గృహిణుల జ్ఞాపకాలు ఇంకా సజీవంగా ఉండగానే జరగవలసిన పని కూడా.