ఉదయగిరి బావినీరు

నెల్లూరునుండి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికిఁ బోవువారికి దుర్గము దూరమునుండియే కన్పట్టును. కృష్ణదేవరాయలు 1514లో గజపతులనుండి దానిని గైకొన్న కథ మనకు సుపరిచితమే. ఆ కొండక్రింది సీమలోని నీటిచరిత్రను మాత్రము చెప్పుకొనువారు తక్కువ.

1937లో షార్టు మున్నగు వైద్యులు మదరాసు రాజధానిలో, ముఖ్యముగా నెల్లూరు జిల్లాలో, పండ్లు గారకట్టి, వెన్ను బిగిసిపోయిన రోగులను పరీక్షించి, మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. ఈ పీడకుఁ బేరుపడిన కనిగిరి, పొదిలి ప్రాంతములు 1970 వఱకు ఈ జిల్లాలోనివే. పొరుగుననున్న ఉదయగిరి భూగర్భజలమందును ఈ దోషము కలదు. రాతిలోని ఖనిజములు మెల్లమెల్లగాఁ గరగి నీటఁ జేరుటయే హేతువు. పూర్వజన్మకర్మ మనుకొని యూరకుండుట కిందెట్టి యవకాశమును లేదు.

ఫ్లోరైడు శరీరమున కెట్లు ఎక్కును? 1771లో షీలే యను రసాయనికుఁడు ఫ్లోరైడు ఖనిజమును గంధకామ్లముతోఁ గాఁచఁగా, పుట్టిన యామ్లము గాజుపాత్రనే తినివేసెను. చిత్రమేమనఁగా, నీటిలో అది దుర్బలామ్లము! దాని సోదరులగు హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోయోడిక్ ఆమ్లములు నీటిలో దాదాపు పూర్తిగా విడిపోవును. ఉదజని–అయొడిన్ బంధమును ద్రెంచుటకు మోలుకు 298 కిలోజౌళ్లు చాలును. ఉదజని–ఫ్లోరిన్ బంధమునకు 568 కావలెను. ఫ్లోరైడు అయానును నీరు గట్టిగానే యాదరించును గాని, ఆ యాదరణము ఈ లోటును బూడ్పలేదు. అందుచే లీటరున మోలులో పదవవంతు ఆమ్లమున్నచో, నూటికి ఎనిమిదిపాళ్లు మాత్రమే విడివడును. దుర్బల మనఁగా నిరపాయమని కాదు సుమా. రసాయనికుల భాషలో విడివడుట తక్కువ యని మాత్రమే.

ఈ దౌర్బల్యమే మనకుఁ జేటు. జఠరములోని హైడ్రోక్లోరికామ్లము ఫ్లోరైడునకు ఉదజని నిచ్చును. ఆ జంట విడిపోదు. విద్యుదావేశము లేని ఆ యణువు జఠరపుఁబొరను సులభముగా దాఁటును. రక్తముఁ జేరినపిదప మరల విడివడి, సున్నముపై మక్కువచే ఎముకలను, పండ్లను ఆశ్రయించును.

కాఁచిన నీటికి భయము లేదని గృహిణులు నమ్ముదురు. సూక్ష్మజీవుల విషయమున నిజమే. ఫ్లోరైడు మాత్రము ఆవిరికాక మిగిలిన నీటిలో మఱింత చిక్కనగును. పటిక, సున్నము కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి 1970 దశకమునుండి తెలిసినదే. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ హద్దు. శిశువు పంటికి గార చిగురు చీల్చుకొని వచ్చుటకు మునుపే పట్టును. కావున ఆ బావినీటిని పరీక్షింపవలసినది ఆ పన్ను కనఁబడకమునుపే.