వంశచరిత్రమునకు వంశావళీతరసాధనములు

వంశవృక్షములును వంశప్రశస్తులును మాత్రమే వంశచరిత్రమునకు సాధనములని తలఁచుట మన దేశమునఁ జిరకాలముగా నున్న భ్రమ. వంశమును గీర్తింపఁ బూనినవాఁడు తన కిష్టము గాని పేరును విడుచుటయు, సూర్యచంద్రులదాఁకఁ బూర్వులను గల్పించుటయుఁ గలదు. అన్యప్రయోజనమునకై పుట్టిన లేఖనమున కట్టి యవసరము తక్కువ. చెఱువు త్రవ్వించినవారును, పొలము దానమిచ్చినవారును బ్రసంగవశమునఁ జెప్పిన బంధుత్వము తఱచుగా నిక్కమునకు సమీపమున నుండును. ఇందులకుఁ గాకతీయవంశమే నిదర్శనము.

956వ సంవత్సరపు మాఁగల్లు తామ్రశాసనము తూర్పుచాళుక్యుఁడైన దానార్ణవుఁ డొక బ్రాహ్మణునకు గ్రామము నిచ్చిన పత్త్రము. కాకర్త్య గుండ్యన ప్రార్థనమున దాన మొసఁగఁబడినది గాన నాతని పూర్వులును బేర్కొనఁబడిరి. బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను తటాకమును నిర్మింపించిన మైలాంబ గణపతిదేవుని సోదరి. ఆ తటాకశాసనమే తొలి కాకతీయుల క్రమమును దెలుపుచున్నది.

రుద్రమదేవి విషయము మఱింత విచార్యము. శాసనములం దామె పలుమాఱు రుద్రదేవమహారాజని పుంలింగమునఁ బేర్కొనఁబడినది. 1292 ప్రాంతమున నీ దేశవార్తలు విన్న మార్కో పోలో యామెను మృతుఁడైన రాజునకు భార్యఁగా వ్రాసెను. 1261 నాఁటి మల్కాపురశాసనము గోళకీమఠాచార్యుఁడగు విశ్వేశ్వరశివున కొసఁగిన గ్రామములను, విద్యాశాలను, ప్రసూతిశాలను వర్ణించుటకుఁ బుట్టినది. గణపతిదేవుఁడు వాక్కుతో నిచ్చిన గ్రామమును గూఁతురు రుద్రమదేవి స్థిరపఱచెనని యది చెప్పుటచే సంశయము తీఱినది. లింగము శబ్దధర్మమే కాని వ్యక్తిధర్మము గాదు. దారశబ్దము పుంలింగమైనను భార్యనే చెప్పుచున్నది గదా! శాబ్దికుఁ డెఱిఁగిన యీ న్యాయమును జరిత్రకారుఁడు మఱచిన యెడలఁ గూఁతురు గొడుకగును.

చందుపట్లలోని 1289 నాఁటి శాసనము మఱియొక మేలు చేసినది. పువ్వుల ముమ్మడి యను సేవకుఁడు రుద్రమదేవికిని మల్లికార్జుననాయకునకును శివలోకప్రాప్తి కలుగుటకై సోమనాథునకు భూమి యిచ్చెను. ఈ చిన్నదాన మెఱుఁగకముందు రాణి 1295 ప్రాంతమువఱకు నేలెనని చరిత్రగ్రంథములు వ్రాయుచుండెను. రాజాస్థానకవు లెవ్వరును జెప్పని మరణకాలము నొక సేవకుని భక్తి నిలిపినది.

నేఁ డిట్టి శాసనపాఠములు పెక్కులు ముద్రితసంపుటములందే కాక యంతర్జాలగ్రంథాలయములందును లభించుచున్నవి. అవి వంశాన్వేషకులకై యేర్పడినవి కావు గావున, నొక్క రూపముననే వెదకినవానికి ఫలము దొరకదు. కాకర్త్య, కాకతి, కాకతీయ యనియు, రుద్రమ, రుద్రాంబ, రుద్రదేవ యనియు సర్వరూపములను వెదకవలయును. గ్రామనామము, దేవునిపేరు, చెఱువుపేరు నట్లే.

అయినను లభించినదెల్లఁ బ్రమాణము గాదు. లేఖన మెవ్వఁడు, ఎప్పుడు, ఎందులకు వ్రాసెనో ముందు నిర్ణయింపవలయును. కన్నవాని మాటకును విన్నవాని మాటకును భేద మరయవలయును. మార్కో పోలో వాణిజ్యవస్తువులను జక్కఁగఁ జెప్పినను బంధుత్వమునఁ దప్పెను. ఒక్కసాక్ష్యముతోఁ దృప్తి చెందక వేఱుపనికై పుట్టిన రెండవసాక్ష్యముతో సరిచూచుటయే క్షేమము. ఇండ్లలోని పాతదానపత్త్రములకును, ఆలయపు లెక్కలకును, తాళపత్త్రాంతమందలి లేఖకుని పేరునకును నీ న్యాయమే వర్తించును. వీనిని వ్యర్థములని పాఱవైచువారు తమ పితామహుల పేళ్లనే పాఱవైచుచున్నారని యెఱుఁగవలయును.