అలుగు ఎంత వెడల్పుండాలి?

నా డెస్కు మీద ఒక పిస్టన్ ఉంటుంది. తలకిందులుగా పెడితే గ్లాసులా ఉంటుంది కాబట్టి పెన్నులు వేసుకుంటాను. ఒక పక్క రింగు కూర్చునే గట్టు విరిగిపోయి ఉంటుంది. కొత్తగా టీములో చేరినవాళ్ళు అది చూసి "మీకు కార్ల పిచ్చా?" అని అడుగుతారు. పిచ్చి నాది కాదు, తమ్ముడి లాంటి ఒక భీమవరం కుర్రాడిది. అది విరగడానికి కారణం మాత్రం నా ఎక్సెల్ షీటు.

2007లో మేమిద్దరం మిషిగన్‌లో ఒకే క్లయింటు దగ్గర పనిచేసేవాళ్ళం. అతను రెండేళ్ళు డబ్బు దాచి ఒక పాత టొయోటా సుప్రా కొన్నాడు. మూడు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు. దానితో వచ్చిన రెండు చిన్న టర్బోలు పీకేసి ఒక్క పెద్ద టర్బో పెట్టి 600 హార్స్‌పవర్ లాగాలని అతని కోరిక. అన్నీ కొన్నాక చివర్లో మిగిలింది వేస్ట్‌గేట్. 38 మిల్లీమీటర్లదా, 44దా, 60దా? "అన్నా, నీకు లెక్కలొచ్చు కదా, నువ్వే చెప్పు" అన్నాడు. నేను 38 చాలన్నాను. ఎందుకలా అన్నానో, ఎక్కడ తప్పానో చెప్పాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ముందు ఈ వస్తువేమిటో చూద్దాం. ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించొచ్చు. అప్పుడు పొగ ఎక్కువవుతుంది, చక్రం ఇంకా జోరుగా తిరుగుతుంది, గాలి ఇంకా పెరుగుతుంది... ఎగ్జిట్ కండిషన్ లేని లూపు అన్నమాట. వేస్ట్‌గేటే ఆ ఎగ్జిట్ కండిషన్. బూస్ట్ (లోపలికి తోసే గాలి ఒత్తిడి) అనుకున్న చోటికి రాగానే తెరుచుకుని, కొంత పొగని చక్రం దాకా పోనివ్వకుండా పక్కదారి పట్టిస్తుంది. చాలామంది దీన్ని కుక్కర్ విజిల్‌తో పోలుస్తారు, నాకది నచ్చదు. విజిల్ వదిలేది లోపలి ఒత్తిడిని, ఇది తగ్గించేది పొయ్యి మంటని. నన్నడిగితే చెరువు అలుగుతో పోల్చాలి. తూములో నీళ్ళు పొలానికి, అలుగు మీంచి పోయేవి వాగుకి. అలుగు కట్టేటప్పుడు చూసేది ఆయకట్టు ఎన్నెకరాలని కాదు. వరద ఎంతొస్తుంది, అందులో ఎంత వదిలెయ్యాలి అని.

పొగతో చక్రం తిప్పే ఆలోచనకి 1905లో పేటెంటు తీసుకున్నాయన స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి (మన బుచ్చిబాబులకేం చుట్టం కాదు). అది పనికొచ్చే రూపానికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1920ల మధ్యలో రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజన్లు ఆయన పద్ధతితో 1750 నుంచి 2500 హార్స్‌పవర్‌కి పెరిగాయి. ఓడ ఇంజను రోజుల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది. చక్రం సైజు దానికి సరిగ్గా కుదిరిస్తే పారేసేది పెద్దగా ఉండదు, గేటు లేకపోయినా రోజు గడిచిపోతుంది.

గేటు అవసరం తెలిసొచ్చింది విమానాలతో. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజనుని కొలరాడోలో 14 వేల అడుగుల పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను కొండ మీద పల్చటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356 వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి బీ-17 బాంబర్ల మీదా, పీ-47 ఫైటర్ల మీదా ఉన్నది దీని సంతానమే. పీ-47లో టర్బో ఎక్కడో తోక వైపున ఉంటే, వేస్ట్‌గేట్లు ముందు ఇంజను దగ్గరే ఉండేవి. పొగ అక్కడిదాకా పొడుగాటి గొట్టాల్లో ప్రయాణం చెయ్యాలా, ముందే బయటపడాలా అన్నది అక్కడే తేలిపోయేది.

ఇక్కడే నాకు అసలు విషయం కనిపిస్తుంది. నేల దగ్గర గాలి చిక్కగా ఉంటుంది, టర్బో సాయం పెద్దగా అక్కర్లేదు, పొగలో చాలావాటా గేటు గుండా బయటికే. పాతిక వేల అడుగుల మీద ఉన్న పొగంతా చక్రానికే కావాలి, గేటు దాదాపు మూత. ఇంజను అదే, పవరు అదే. మారింది పారేసే వాటా. కాబట్టి ఆ గేటుని పైన ఎగిరే ఎత్తుకి లెక్కకట్టి చేస్తే కింద కొంప మునుగుతుంది. ఆనాటి ఇంజనీర్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, రోజూ కళ్ళముందు జరిగేదే. 2007లో నాకు మాత్రం ఎవరో చెప్పాల్సొచ్చింది.

కార్లలోకి 1962లో వచ్చింది. జనరల్ మోటార్స్ వాళ్ళే రెండు కార్లు రెండు దారుల్లో చేశారు. షెవర్లే కొర్వెయిర్ స్పైడర్‌కి వేస్ట్‌గేటే లేదు. సైలెన్సర్‌నీ పొగదారినీ ఇరుకుగా ఉంచి, పొగ తనంతట తనే ఊపిరాడక ఆగేలా చేశారు. అంటే అలుగు లేకుండా కాలవనే సన్నగా తవ్వినట్టు. చవక, చెడిపోయేదేమీ లేదు, కానీ ఆ ఇరుకుతనం పైకి లాగినప్పుడల్లా ఇంజను మెడ పట్టుకునే ఉంటుంది. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కి గేటు పెట్టారు. 215 ఘనపుటంగుళాల ఇంజను నుంచి 215 హార్స్‌పవర్. ఇంజను తట్టుకోడానికి నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవం వేరే సీసాలో పొయ్యాలి. జనం పొయ్యలేదు. (యూజర్ మాన్యువల్ చదువుతాడని నమ్మి డిజైన్ చేసినవాళ్ళు మన ఫీల్డులోనే ఉన్నారనుకునేవాణ్ణి.) రెండేళ్ళలోనే ఆ కారు ఆగిపోయింది.

రేసుల వాళ్ళ సంగతి సరేసరి. 1973 పోర్షె 917/30లో 1100 హార్స్‌పవర్, బూస్ట్ పెంచుకోడానికి డ్రైవర్ ముందే ఒక నాబ్. మామూలు మనిషికి పనికొచ్చే ఆలోచన స్వీడన్ నుంచి వచ్చింది. 1977లో సాబ్ వాళ్ళు చూపించిన 99 టర్బోలో చక్రం కావాలని చిన్నది పెట్టారు. చిన్న చక్రం తక్కువ వేగంలోనే లేచి తిరుగుతుంది, ఊళ్ళో నడపడానికి హాయి. మరి పై వేగంలో వచ్చే పొగ వరద? అదంతా గేటుకే. అంటే 145 హార్స్‌పవర్ కారులో గేటుకి బోలెడు పని. 1982లో ఇంకో అడుగు వేసి, ఇంజను కొట్టుకునే చప్పుడు సెన్సర్‌తో విని గేటుని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టారు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కొసకి రండి. 1986 ఫార్ములా వన్. బీఎమ్‌డబ్ల్యూది ఒకటిన్నర లీటరు, నాలుగు సిలిండర్ల ఇంజను. 1983లో నెల్సన్ పికె ఛాంపియన్ అయింది దీనితోనే. 1986 క్వాలిఫైయింగ్‌లో నాలుగు చక్కర్లు బతికితే చాలన్నట్టు బూస్ట్ అయిదు బార్లు దాటించి 1300 హార్స్‌పవర్ పైన లాగారంటారు. అప్పుడు వేస్ట్‌గేట్ ఎంత? సున్నా. దాని దారినే పలకతో మూసేసేవాళ్ళని ఆనాటి వాళ్ళు చెప్తారు. పారేసేదేమీ లేనప్పుడు గేటెందుకు? విసుగెత్తి 1987లో నియమాల వాళ్ళు 4 బార్ల దగ్గర, 1988లో 2.5 బార్ల దగ్గర తెరుచుకునే పాప్ ఆఫ్ వాల్వు పెట్టించారు (ఇదీ అసలు కుక్కర్ విజిల్). 1989లో టర్బోలనే నిషేధించారు. 2014లో మళ్ళీ వచ్చినప్పుడు మిగులు పొగని కరెంటుగా మార్చే మోటారు ఉండేది, గేటుకి పెద్ద పనిలేకపోయింది. 2026 నియమాల్లో ఆ మోటారు తీసేశారు, గేటుకి మళ్ళీ ఉద్యోగం దొరికింది.

సరే, నా ఎక్సెల్ షీటు. నిమిషానికి ఒక పౌను గాలికి సుమారు పది హార్స్‌పవర్ అన్నది పాత మోటు లెక్క. 600కి అరవై పౌన్లు, అంటే 27 కిలోలు. పెట్రోలు కలిపితే నిమిషానికి దాదాపు 30 కిలోల పొగ. 25 పీఎస్ఐ బూస్ట్ దగ్గర ఆ పెద్ద చక్రానికి అందులో చాలా భాగం కావాలి. మిగిలేది కొంచెం. 38 చాలు. లెక్క తప్పు కాదు.

కానీ 25 పీఎస్ఐ రేసు పెట్రోలుతో నడిపే రోజుకి. మేం మొదట పెట్టిన స్ప్రింగు 10 పీఎస్ఐది, పోసింది బంకు పెట్రోలు. 25 నుంచి 10కి దిగితే ఇంజనులోకి వెళ్ళే గాలి, వచ్చే పొగ సుమారు 62 శాతానికి తగ్గుతాయి. గాలి నొక్కడానికి చక్రం చెయ్యాల్సిన పని మాత్రం 30 శాతానికి పడిపోతుంది. ఆ తేడా అంతా అలుగు మీంచే పోవాలి. పైగా గేటు గొట్టాన్ని పొగ ప్రవాహానికి అడ్డంగా, నిలువు కోణంలో అతికించాం. వేగంగా పోయే పొగ అంత మలుపు తిరగదు.

శనివారం అద్దెకి తీసుకున్న డైనో మీద తిప్పాం. 4500 దగ్గర 10, 5500 దగ్గర 12, 6500 దగ్గర 17. గేటు పూర్తిగా తెరుచుకునే ఉంది. అలా తెరుచుకున్నాక సాబ్ వాళ్ళ పెట్టె తెచ్చి తగిలించినా చేసేదేమీ లేదు. నేను లాగు చూసి "సెన్సర్ నాయిస్ రా, ఇంకోసారి తిప్పు" అన్నాను. ఈ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. మూడోసారి రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు, తెల్లటి పొగ.

పోయినది అతని రెండేళ్ళ పొదుపులో సగం. ఒక్క మాట అనలేదు. సగం బిల్లు నేను కట్టాను, అతను వద్దంటూనే తీసుకున్నాడు. రెండోసారి 44 పెట్టి, గొట్టాన్ని ప్రవాహంతో వాలుగా అతికించాం. వైశాల్యం 1134 చదరపు మిల్లీమీటర్ల నుంచి 1520కి పెరిగింది. 10 పీఎస్ఐ కదలకుండా నిలబడింది. 60 పెట్టేస్తే గొడవే లేదు కదా అనుకోవచ్చు. పెద్ద వాల్వు ముఖం మీద పొగ ఒత్తిడి కూడా ఎక్కువ ఆనుతుంది, 25 దగ్గర స్ప్రింగుని తోసుకుని ముందే తెరుచుకోవచ్చు. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే "ఎంత పవరు?" అనను. "అన్నిటికంటే తక్కువ బూస్ట్ ఎంతలో నడుపుతావు?" అంటాను.

2009లో అతను ఇండియా వెళ్ళేముందు కారు అమ్మేసి, పిస్టన్ నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు హైదరాబాదులో కరెంటు కారు నడుపుతున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా "దీనికి అలుగూ లేదు తూమూ లేదన్నా, నీతో పనిలేదు" అంటాడు.