విరేచనాల మందు, ఉద్దానం కిడ్నీ

మార్చి పెద్దపేగు క్యాన్సర్ అవగాహన నెల. అదే నెల రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువలో, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లలో ఈ రెండింటినీ విడదీసి మాట్లాడలేం. పెద్దపేగు లోపలికి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీకి ముందు తాగే విరేచనాల మందును ఇక్కడ కిడ్నీని దృష్టిలో పెట్టుకునే ఎంచుకోవాలి.

పేగులు శుభ్రం చేయడం పాత విద్యే. ఈజిప్టువారు సుమారు క్రీ.పూ. 1550 నాటి ఎబర్స్ పత్రాల్లో ఆముదం సంగతి రాసుకున్నారు. చరక సంహిత తెల్లతెగడను, కరక్కాయను విరేచనానికి వాడమంది. పిల్లల ముక్కు మూసి ఆముదం పట్టించిన మన అమ్మమ్మల కాలం దాకా ఆ దారే నడిచింది. 1969లో న్యూయార్క్‌లో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా కొలనోస్కోప్‌తోనే పాలిప్‌లు (పేగు గోడ మీద పెరిగే బుడిపెలు) తీయడం మొదలుపెట్టారు. అప్పటినుంచి కడుపు తేలికపడితే చాలదు, పేగు గోడ అద్దంలా కనబడాలి.

దానికోసం రోగులు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. రోజుల తరబడి ద్రవాహారం, ఆముదం, ఎనిమాలు. కొందరికి ముక్కులోంచి గొట్టం వేసి లీటర్ల కొద్దీ ఉప్పునీళ్లు పంపేవారు. ఆ ఉప్పూ నీరూ ఒంట్లోకి ఇంకి గుండెకూ కిడ్నీకీ భారమయ్యేది. మానిటాల్ అనే చక్కెర మందు తాగిస్తే పేగులోని బాక్టీరియా దాన్ని హైడ్రోజన్‌గా మార్చేది. 1979లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించిన ఉదంతంలో, పాలిప్‌ను కరెంటుతో కోస్తుండగా ఆ వాయువు పేలి రోగి చనిపోయాడు.

ఆ మరుసటి ఏడే డల్లాస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం దారి చూపింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఫోర్డ్‌ట్రాన్ పేగు నీటిని, లవణాలను ఎలా పీల్చుకుంటుందో ఏళ్ల తరబడి కొలిచిన మనిషి. పీల్చుకోలేనిదాన్నే తాగిస్తే పోలా అన్నది ఆ బృందం ఆలోచన. పాలిఇథిలిన్ గ్లైకాల్ అణువు పెద్దది, రక్తంలోకి పెద్దగా వెళ్లదు, వాయువుగానూ మారదు. సోడియం ఇంకకుండా క్లోరైడ్‌కు బదులు ఎక్కువగా సల్ఫేట్ కలిపారు. నాలుగు లీటర్లు తాగితే దాదాపు నాలుగు లీటర్లూ కిందికి వచ్చేస్తాయి, ఒంట్లో నీరూ లవణాలూ ఉన్నచోటే ఉంటాయి. ఎంత గొప్ప లెక్క!

కానీ నాలుగు లీటర్లు తాగడం కష్టం. అందుకే 1990ల్లో రెండు చిన్న మోతాదుల సోడియం ఫాస్ఫేట్ వ్యాపించింది. 2005లో కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యులు ఆ మందు తాగాక కిడ్నీలో కాల్షియం ఫాస్ఫేట్ పేరుకున్న 21 మందిని గుర్తించారు. నలుగురికి శాశ్వతంగా డయాలసిస్ తప్పలేదు. 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరిక చేసింది.

ఇప్పుడు రెండు లీటర్లతో సరిపెట్టే పొడులున్నాయి, పికోసల్ఫేట్–మెగ్నీషియం ఉంది, మాత్రలూ ఉన్నాయి. సగం సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగడం మేలని తేలింది. అయితే కిడ్నీ దెబ్బతిన్నవారిలో మెగ్నీషియం పేరుకుపోతుంది, ఫాస్ఫేట్ సరేసరి. వారికి పాలిఇథిలిన్ గ్లైకాలే నమ్మకం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందిలో చప్పుడు లేకుండా ముదురుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరుచుకుంది. పేగు పరీక్షకు విశాఖకో బరంపురానికో వెళ్లేవారు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ముందే చూపించాలి, లేకపోతే చేయించమని అడగాలి. పేగు శుభ్రపడేందుకు రెండు మూడు రోజుల ముందే జీడిపప్పు, పనస మానాలి. ద్రవాహారం అన్నారు కదా అని కొబ్బరినీళ్లు తాగేయొద్దు. అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బున్నవారు డాక్టర్ని అడిగాకే తాగాలి.