ఉక్కుకీ కాంక్రీటుకీ మధ్య జారుడు

ఉక్కు గర్డర్ల మీద కాంక్రీటు స్లాబు వేసి వదిలేస్తే, బరువు పడగానే రెండూ దేనికదే వంగి ఒకదానిమీద ఒకటి జారతాయి. అవి ఒకే దూలంలా పనిచేయాలని గర్డరు పైరెక్క మీద స్టడ్లు (పొట్టి ఉక్కు మేకులు) వెల్డింగ్ చేసి, కాంక్రీటులో కూరుకుపోయేలా పోస్తారు. అయినా జారుడు పూర్తిగా పోదు. ఈ కాంపోజిట్ వంతెనల లెక్కల చరిత్రంతా, నన్నడిగితే, ఆ మిగిలిన కాస్త జారుడు చుట్టూనే నడిచింది.

1951లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో న్యూమార్క్, సీస్, వియెస్ట్ దానికి ఒక సమీకరణం రాశారు. విడివిడిగా ఉండే బిగింపులను దూలం పొడవునా పరుచుకున్న ఒకే సాగే పొరగా ఊహించుకున్నారు. చేత్తో లెక్క కట్టాల్సిన రోజులకు అది గొప్ప ఉపాయమే. కాంక్రీటు పగిలినా ఉక్కు లొంగినా మాత్రం ఆ లెక్క చెల్లదు.

ఆ హద్దును దాటించిన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వంతెనల వాళ్లది కాదు, విమానాల వాళ్లది. త్రికోణపు రెక్కల బిగువు పాత సూత్రాలకు అందకపోవడంతో, బోయింగ్‌లో పనిచేసిన టర్నర్ బృందం రెక్కను చిన్న ముక్కలుగా విడగొట్టి, ముక్కముక్క బిగువునూ కూడింది. ఆ వ్యాసం 1956లో వచ్చింది. బృందంలోని క్లఫ్ 1960లో దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. (మన దగ్గర ఎందరో ఈ పద్ధతిని వరంగల్ ప్రాంతంలో పుట్టిన జె.ఎన్. రెడ్డి 1984 నాటి పుస్తకంలోనే చదువుకున్నారు.)

అయితే ముక్కలన్నీ అతుక్కునే ఉంటే జారుడెక్కడ? 1967లో ఎన్‌గో, స్కార్డెలిస్ కాంక్రీటు దూలంలోని ఊచల కోసం ఒక చమత్కారం చేశారు. ఊచకూ కాంక్రీటుకూ మధ్య ఏ కొలతాలేని రెండు స్ప్రింగులు పెట్టారు. ఒకటి ఊచ వెంబడి, ఇంకొకటి దానికి అడ్డంగా. స్టడ్డుకూ ఇదే ఉపాయం సరిపోయింది. ఇక ఆ స్ప్రింగు ఎంత గట్టిదో తెలియాలి. 1971లో లీహై విశ్వవిద్యాలయంలో ఓల్‌గార్డ్, స్లటర్, ఫిషర్ 48 నమూనాలను నొక్కి చూసి, బలానికీ జారుడుకీ ఉన్న సంబంధాన్ని వక్రరేఖగా గీశారు. మొదట్లో నిటారుగా లేచి, తర్వాత చదునయ్యే రేఖ అది. ఇప్పటికీ ఎన్నో ఫైనైట్ ఎలిమెంట్ లెక్కల్లో స్టడ్డుకు ఆ రేఖనే ఇస్తున్నారు.

పలు స్పానుల వంతెనల్లో మధ్య స్తంభాల మీద స్లాబు సాగి పగలడం వేరే తలనొప్పి. దానికి ఐరోపా డిజైను ప్రమాణమైన యూరోకోడ్ మోటు దారే పట్టింది: సాధారణ సందర్భాల్లో స్తంభానికి అటూ ఇటూ స్పానులో 15 శాతం మేర కాంక్రీటు పగిలిపోయిందనే అనుకుని లెక్క కట్టమంటుంది.