పల్నాటి నేలపై మన ఊళ్ళు

పల్నాటి చరిత్ర అనగానే మనకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణరంగము జ్ఞాపకమునకు వచ్చును. అయితే ఆ యుద్ధమునకు వేల సంవత్సరములకు ముందే ఈ నేలపై మనుష్యులు కాపురముండిరి. యుద్ధము ముగిసిన తరువాత కూడ ఉండిరి. రాజుల కథను కొంచెము ప్రక్కకు పెట్టి, ఇక్కడ ఊళ్ళు ఎట్లు నిలిచినవో ఈ చిన్న వ్యాసములో చెప్పదలచితిమి.

మనది మెట్ట సీమ. నాపరాతి నేల, వేసవిలో ఎండిపోవు వాగులు. అందుచేత నీరున్న చోటనే తొలి కాపురములు ఏర్పడినవి. కృష్ణ ఒడ్డున, కొండల నడుమనున్న నాగార్జునకొండ లోయలో నవీన శిలాయుగము వారు గుంటలు త్రవ్వుకొని, వాటిపై కప్పులు వేసుకొని నివసించినట్లు త్రవ్వకములలో తెలిసినది. వారి తరువాతి వారు చనిపోయిన తమవారి కొరకు పెద్ద బండలతో సమాధులు కట్టిరి.

క్రీ.శ. 3వ శతాబ్దములో ఆ లోయయే ఇక్ష్వాకు రాజులకు విజయపురి అను రాజధాని ఆయెను. మన సున్నపురాతితోనే విహారములు, స్తూపములు లేచినవి. సింహళ భిక్షువుల కొరకు ప్రత్యేకముగా ఒక విహారముండెను. దానములిచ్చిన రాణుల పేర్లు శాసనములలో నిలిచినవి గాని, రాళ్ళు కొట్టి మోసిన వారిలో అత్యధికుల పేర్లు మనకు దక్కలేదు.

రాజధాని పాడుపడినను సీమ పాడుపడలేదు. 12వ శతాబ్దము నాటికి గురజాల, చంద్రవంక ఒడ్డున మాచర్ల రెండు రాజ్యములకు పీఠములైనవి. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో వీరులు కూలిరి. బ్రహ్మనాయుడు కులభేదము విడిచి చాపకూడు పెట్టించెననియు, మాల కన్నమదాసును దళపతిగా నిలిపెననియు వీరగాథలు చెప్పుచున్నవి. ఊరికి వెలుపల నుంచబడిన పల్లెవారు ఈ కథను ఏల మరువలేదో వేరుగ చెప్పనక్కరలేదు.

1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతమునంతటిని కుదిపివేసినది. ఎన్నో ఇండ్లకు తాళము వేయువాడు కూడ మిగులలేదు. ఆ గాయము ఇంకను మానని కాలములో, 1849లో, ఫాదర్ హయ్యర్ గుంటూరు నుండి గురజాలకు వచ్చి మకాము చేసెను. క్రమముగా పల్లెలలో బడియు ప్రార్థనా మందిరమును వెలసినవి. ఊరి బావికి దూరముగ నుంచబడిన పల్లెకు తనదని చెప్పుకొను నడిమి చోటు అట్లు దొరికినది.

ఈ నేలపై జీవించుటకు అడవి కూడ అవసరమే. పశువుల మేతపై వేసిన పుల్లరి పన్నును ఎదిరించి, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చెను.

చివరకు నీరు వచ్చినది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. జొన్నచేలు వరిమళ్ళైనవి, ప్రత్తి, మిరప పెరిగినవి, డెల్టా నుండి కూడ రైతులు వచ్చి స్థిరపడిరి. కాని ఆ నీరు నిలుచుటకు మన సీమలోని తొలి కాపురముల లోయ మునిగిపోయెను. పురాతన కట్టడములలో కొన్నిటిని రాయి రాయిగా విప్పి కొండ మీదను, అనుపులోను తిరిగి నిలిపిరి. పుల్లారెడ్డిగూడెము వంటి బ్రతికియున్న ఊరిని అట్లు విప్పి మోసికొని పోలేము గదా! అక్కడివారు ఇండ్లను, చేలను, పెద్దల సమాధులను విడిచి వచ్చిరి. మన పొలములో పారు నీటికి వారు చెల్లించిన వెల ఇది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. జిల్లా పేరు కాగితముల మీద నిలుచును. పల్లెల కథలు మాత్రము పెద్దల నోటనే ఉన్నవి. మన పూర్వులు ఎక్కడ నుండి వచ్చిరి, ఏ బావి త్రవ్విరి, ఏ కరువున ఎవరిని పోగొట్టుకొనిరి అను సంగతులు ప్రతి సంఘమువారు ఇప్పుడే అడిగి వ్రాసి ఉంచవలెనని మా మనవి. రాతిపై తమ పేరు చెక్కించుకొనలేని వారి చరిత్ర అట్లయినను మిగులును.